యువరాజు ‘గుర్తింపు’ దాచుకోగలడా?

సందేహం: నేనొక జానపద నవల రాస్తున్నాను. ఒక రాజు నిండు చూలాలైన మొదటి భార్యను అడవికి పంపేస్తాడు. ఆమెకు పుట్టిన కొడుకు పెరిగి పెద్దవాడై, మారుపేరుతో రాజధానికి వచ్చి, తండ్రి కొలువులోనే సైనికుడిగా చేరతాడు. తానెవరో అతనికి తెలుసు, రాజుకు తెలియదు. పుస్తకం అట్ట వెనక వేయడానికి ఇలా రాశాను: “తన గుర్తింపును దాచిపెట్టి అజ్ఞాతవాసం చేస్తున్న యువరాజు, పాలకుడైన తండ్రిపై తిరుగుబాటు చేసిన కథ.” చదివిన ఒక పెద్దాయన ‘గుర్తింపు’, ‘యువరాజు’, ‘తిరుగుబాటు’ అనే మూడు మాటల కింద గీతలు గీసి, ఏమీ చెప్పకుండా తిప్పి పంపారు. తప్పేమిటి? ఇంకొకటి, అసలు సంగతి బయటపడేదాకా ఈ కుర్రవాడు రాజును ఏమని పిలవాలి, బయటపడ్డాక ఏమని పిలవాలి? ‘మారువేషం’ అనే మాట వాడవచ్చా?

సమాధానం: మొదటి రెండు గీతల విషయంలో నాది ఆ పెద్దాయన పక్షమే. మూడో గీత దగ్గర కొంచెం బేరం ఉంది.

‘యువరాజు’ సంగతి తొందరగా తేల్చేయవచ్చు. రాజుకు పుట్టినంత మాత్రాన ఎవరూ యువరాజు కారు. పుట్టుకతో వచ్చేది రాకుమారుడు, రాచబిడ్డ అనే పేరే. యువరాజు అనేది పదవి. తండ్రి పదిమంది ఎదుట అభిషేకం చేసి కట్టబెట్టాలి. దశరథుడు రాముడికి తలపెట్టింది ఆ యౌవరాజ్య పట్టాభిషేకమే. అది ఆగిపోయింది గనుక రాముడు అడవికి వెళ్ళింది రాకుమారుడిగానే. శకుంతల కొడుకు భరతుణ్ణి కూడా దుష్యంతుడు నిండు కొలువులో తన బిడ్డగా ఒప్పుకున్న తర్వాతే యువరాజును చేశాడు. పత్రికలవాళ్ళు ‘సౌదీ యువరాజు’ అంటే సరే, అక్కడ ఆ పదవి ఉంది. రాజకుటుంబంలో పుట్టిన ప్రతివాణ్ణీ యువరాజు చేసేయడంతోనే చిక్కు. కొడుకున్నాడనే తెలియని తండ్రి పట్టం ఎలా కడతాడు? రాకుమారుడు అనండి, చాలు.

‘గుర్తింపు’ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఇది ‘గుర్తించు’ నుంచి వచ్చిన నామవాచకం. గుర్తించేది ఎదుటివాళ్ళు. అందుకే ప్రభుత్వ గుర్తింపు పొందిన పాఠశాల అంటాం, ఆయన ప్రతిభకు తగిన గుర్తింపు రాలేదంటాం. గుర్తింపు కార్డు కూడా ఎదుటివాళ్ళు మనల్ని గుర్తించడానికే. గుర్తింపు ఇచ్చేది ఒకరు, పొందేది ఇంకొకరు. మన దగ్గర ముందే ఉండి, మూటగట్టి దాచుకోవడానికి వీలైన సరుకు కాదది. ఇప్పుడు కొందరు ‘అస్తిత్వం’ అంటున్నారు. సాహిత్య చర్చల్లో ఆ మాట కుదురుకుంది, కాదనను. కానీ ‘అస్తిత్వాన్ని దాచుకున్న రాకుమారుడు’ అంటే వాడు ఉన్నాడో లేడో తెలియదన్న అర్థం వస్తుంది.

మరి తెలుగులో ఈ సంగతి ఎలా చెబుతాం? నామవాచకంతో కాదు, క్రియతో చెబుతాం. తానెవరో చెప్పలేదు, తెలియనివ్వలేదు, పొక్కనివ్వలేదు. తన పుట్టుక దాచాడు, పేరు మార్చుకున్నాడు, ఆనవాలు చిక్కనివ్వలేదు. తర్వాత గుట్టు విప్పాడు, లేదా వాడు విప్పకముందే గుట్టు రట్టయింది. ఇన్ని ఉండగా కొత్త మాట దేనికి?

ఇక్కడే ఇంకో సంగతి. కొత్తగా కనబడిన కుర్రవాణ్ణి మన పెద్దవాళ్ళు “నువ్వెవరు?” అనడం తక్కువ, “ఎవరి అబ్బాయివి?” అంటారు. వాల్మీకి ఉత్తరకాండలో కుశలవుల్ని రాముడి యాగశాలకు పాడడానికి పంపేటప్పుడు ముని చేసిన హెచ్చరిక సరిగ్గా ఈ ప్రశ్న గురించే. మీరు ఎవరి పిల్లలని రాజు అడిగితే, వాల్మీకి శిష్యులమని మాత్రం చెప్పండి అంటాడు. ప్రశ్న తండ్రి గురించి, జవాబు గురువు గురించి. అబద్ధం ఆడకుండా గుట్టు కాపాడడమంటే అదీ. మీ కుర్రవాణ్ణి కొలువులో చేర్చుకునే దళవాయి కూడా తప్పకుండా ఈ ప్రశ్నే వేస్తాడు. దానికి మీరు రాసే జవాబు అట్టమీది వాక్యం కంటే ముఖ్యం.

‘అజ్ఞాతవాసం’ కింద గీత పడలేదు, పడక్కర్లేదు కూడా. అజ్ఞాతం అంటే కనబడకపోవడం కాదు. పాండవులు విరటుడి కొలువులో ఏడాదంతా పదిమంది కళ్ళెదుటే తిరిగారు. ధర్మరాజు కంకుభట్టై రాజుతో పాచికలాడాడు, భీముడు వలలుడై వంట చేశాడు, అర్జునుడు బృహన్నలై ఉత్తరకు నాట్యం నేర్పాడు. ఉనికి అందరికీ తెలుసు, ఎవరన్నది తెలియదు. మీ రాకుమారుడిదీ అదే పరిస్థితి. ‘అజ్ఞాతంలోకి వెళ్ళాడు’ అని మాత్రం రాయకండి. అది వార్తల భాష, పోలీసులు వెతుకుతుంటే మనిషే మాయమయ్యాడన్న అర్థమిస్తుంది. పాతకాలపు రాజ్యంలో ఆ మాట వినబడితే చదివేవాడు ఉలిక్కిపడతాడు.

అయితే అజ్ఞాతవాసానికి ఒక షరతుంది. ఎదుటివాళ్ళకు తెలియకపోవాలి, చేసేవాడికి తెలిసి ఉండాలి. మనవాళ్ళు చెప్పుకునే లవకుశుల కథలో పిల్లలకే తమ తండ్రి ఎవరో తెలియదు. కాబట్టి వాళ్ళది అజ్ఞాతవాసం కాదు. వాళ్ళు పుట్టుపూర్వోత్తరాలు తెలియకుండా పెరిగారు. శకుంతల కొడుకుది ఇంకో దారి. అతను దాక్కోలేదు, కణ్వుడి ఆశ్రమంలో అందరికీ తెలిసేలాగే పెరిగాడు. భారతకథలో దాపరికమంతా తండ్రిది. కాళిదాసు ఉంగరం, శాపం తెచ్చి రాజును కాపాడాడు గానీ, వ్యాసుడి కథలోనూ నన్నయ కథలోనూ దుష్యంతుడు తెలిసి తెలిసి ఎరగనన్నాడు. మీ నవలలో రాజు నిజంగానే ఎరగడా, లోలోపల అనుమానించీ పైకి తేలడం లేదా అన్నది మీరు ముందే తేల్చుకుంటే మంచిది. మాటల ఎంపిక దాన్నిబట్టే మారుతుంది.

ఇక ‘తిరుగుబాటు’. బేరం ఉందన్నది దీని గురించే. ఈ మాటలో జనం ఉంటారు. 1857లో సిపాయిల తిరుగుబాటు, 1922–24లో రంప తిరుగుబాటు. (మన్యంలో దీన్నే పితూరీ అన్నారు. ఆ పితూరీ ఇప్పుడు మన ఇళ్ళల్లో చాడీ స్థాయికి దిగిపోయింది.) మీ కుర్రవాడి వెనక దండులో సగం నిలిస్తే తిరుగుబాటు అనండి, నాకు అభ్యంతరం లేదు. ఒక్కడే నిలబడితే ‘తిరగబడ్డాడు’, ‘ఎదురుతిరిగాడు’ సరిపోతాయి. ఈ రెంటిలోనూ అంతకుముందు లోబడి ఉన్నాడనే ధ్వని ఉంది. కొలువులో ఉప్పు తిన్నవాడు గనుక మీవాడికి అది అతుకుతుంది.

లోబడి ఉండనివాడైతే ‘ఎదిరించాడు’ అనాలి. ఎదురు నిలవడమే అందులో ఉన్న అర్థం, తప్పొప్పుల తీర్పు లేదు. అశ్వమేధపు గుర్రం వెంట మణిపురానికి వచ్చిన అర్జునుణ్ణి బభ్రువాహనుడు ఎదిరించాడు. పాపం ఆ కొడుకు మొదట వినయంగా ఎదురేగి స్వాగతం చెప్పబోతే, యుద్ధం చేయకుండా వచ్చావేమిటని తండ్రే ఈసడించాడు. దాన్ని తిరుగుబాటు అంటే బభ్రువాహనుడికి అన్యాయం చేసినట్టే. పిల్లలమర్రి పినవీరభద్రుడి జైమినిభారతంలో ఈ కథ, కుశలవుల యుద్ధం రెండూ ఉన్నాయి. కొడుకు చేతిలో తండ్రి ఓడే ఘట్టం రాయబోయే మీలాంటివాళ్ళు అవి చదవాలి. వాల్మీకిలో కుశలవుల యుద్ధం లేదు, పాటే ఉంది.

‘ధిక్కారం’ మళ్ళీ వేరు. దానికి ముందు ఒక ఆజ్ఞ ఉండాలి. ప్రహ్లాదుడిది ధిక్కారం. హరిని తలవొద్దన్నాడు తండ్రి, తలుస్తానన్నాడు కొడుకు. కత్తి పట్టలేదు, సింహాసనం అడగలేదు. ఇది తిరగబడడం కాదు, మాట వినకపోవడం. తండ్రే రాజు కావడం వల్ల ఆ వినకపోవడం నేరమైంది.

మీ రెండో ప్రశ్నకు కూడా ప్రహ్లాదుడి దగ్గరే జవాబుంది. పోతన భాగవతం సప్తమ స్కంధంలో ఆ పిల్లవాడు తండ్రిని ఏమని పిలుస్తున్నాడో పద్యాల చివర చూడండి. చదువు సంగతి అడిగితే:

చదివించిరి నను గురువులు
చదివితి ధర్మార్థ ముఖ్య శాస్త్రంబులు నేఁ
జదివినవి గలవు పెక్కులు
చదువులలో మర్మ మెల్లఁ జదివితిఁ దండ్రీ!

ఇక్కడ ‘తండ్రీ’. ఎవరి బలం చూసుకుని ఇలా మాట్లాడుతున్నావని గద్దించినప్పుడు:

బలయుతులకు దుర్బలులకు
బలమెవ్వఁడు నీకు నాకు బ్రహ్మాదులకున్
బలమెవ్వఁడు ప్రాణులకును
బలమెవ్వం డట్టి విభుఁడు బల మసురేంద్రా!

తండ్రి పోయి అసురేంద్రుడు వచ్చాడు. అరిషడ్వర్గాన్ని గెలవలేకపోయావని చెప్పే పద్యం చివర ‘దానవేశ్వరా’, ఇందుగలడందు లేడన్న పద్యంలో ‘దానవాగ్రణి’. అన్నీ బిరుదులే. ఛందస్సు కోసం కూడా కావచ్చు, పోతన చేతిలో అది ఒక్కటే కారణమని నేననుకోను. అటు తండ్రి ఏమంటున్నాడు? నా బిడ్డా అనడం మానేసి ‘డింభక!’ (ఓరి కుర్రవాడా) అంటున్నాడు. ఇద్దరూ బంధుత్వాన్ని పక్కకు నెట్టి మాట్లాడుకుంటున్నారు. దానికి పరాకాష్ఠ కమలాక్షు నర్చించు కరములు కరములు అనే సీసం కింది చివరి పాదం: ‘తండ్రి! హరిఁ జేరు మనియెడి తండ్రి తండ్రి’. ముందు తండ్రీ అని పిలిచి, తండ్రి అంటే ఎవరో ఆ తండ్రికే చెప్పాడు.

నన్నయ భారతంలో శకుంతల చేసిందీ ఇలాంటి పనే. అబద్ధమాడుతున్న రాజుతో సత్యం గొప్పతనం చెబుతూ ‘నుతజల పూరితంబులగు నూతులు నూఱిటికంటె సూనృతవ్రత! యొక బావి మేలు’ అని మొదలుపెట్టింది. సూనృతవ్రతుడంటే సత్యమే వ్రతంగా గలవాడు. అప్పుడే బొంకిన మనిషిని అలా పిలిచింది. నాథా అనలేదు, తిట్టనూ లేదు. ఆ ఒక్క పిలుపు చాలు.

పద్యకవులకు పిలుపే పెద్ద ఆధారం కావడానికి కారణం ఉంది. ఆ భాషలో రాజుకైనా తండ్రికైనా సేవకుడికైనా ‘నీవు’ ఒక్కటే. ప్రహ్లాదుడు ‘నీకు నాకు’ అన్నాడంటే అమర్యాద ఏమీ లేదు. వచనంలో రాసే మీకు ఇంకో సదుపాయం ఉంది. నువ్వు, మీరు, తమరు, ఏలినవారు, ఇన్ని మెట్లున్నాయి. గుట్టు ఉన్నంతకాలం మీ కుర్రవాడు ‘ప్రభూ’ అనాలి, ‘ఏలినవారి సెలవు’ అనాలి, పని చెబితే ‘చిత్తం’ అనాలి. ‘మహారాజా’ అన్నా తప్పులేదు గానీ ప్రతి మాటకూ అంటే నాటకంలా ఉంటుంది. అసలు సంగతి తేలాక ‘తండ్రీ’ అని రాస్తే అది పద్యనాటకం పిలుపే అవుతుంది. ‘నాన్నా’ మరీ ఇప్పటి మాట. ‘నాయనా’, ‘నాయనగారూ’ జానపద కథకు సరిపోతాయి. లేదా పిలుపే లేకుండా, ఏలినవారు అనవలసిన చోట ‘నువ్వు’ అన్నాడనుకోండి. “మా అమ్మను పంపించినప్పుడు నువ్వు వెనక్కి తిరిగి చూడలేదటగా!” కొలువంతా కత్తి మీద చెయ్యి వేస్తుంది, రాజుకు మాత్రం అర్థమవుతుంది.

‘నాయనా’ అన్నాను గనుక ఇదీ చెప్పాలి. తెలుగులో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళను ముద్దుగా పిలిచే మాటలు చాలా మటుకు తల్లిదండ్రుల పేర్లే. ఆడపిల్లను అమ్మా అంటాం, మగపిల్లవాణ్ణి నాయనా, అయ్యా, బాబూ అంటాం. బుజ్జగించేటప్పుడు ‘మా తండ్రే’ అంటాం. మీ రాజు ఒకరోజు గాయపడి, కట్టు కడుతున్న ఈ కొత్త సైనికుణ్ణి చూసి, ఏమీ ఎరగకుండానే “నీ పేరేంటి నాయనా?” అనవచ్చు. రాజు అన్నది మామూలు మాటే. వినేవాడికి మాత్రం తను అనవలసిన మాట తండ్రి నోట వినబడుతుంది. దానికి వాడు “చిత్తం ప్రభూ” అని మారుపేరు చెప్పాలి. ఇంతటి ఘట్టాన్ని భాషే చేతికి అందిస్తుంటే, వాడి మనసులో ఏమేం సుళ్ళు తిరిగాయో ఒక పేజీ వర్ణించకండి.

ఇందాకటి వాల్మీకి హెచ్చరికలో రెండో భాగం చెప్పలేదు. రాజు ఎదుట అవిధేయంగా ఉండకండి, ధర్మం ప్రకారం రాజు సర్వభూతాలకూ తండ్రి (పితా హి సర్వభూతానాం రాజా భవతి ధర్మతః) అంటాడు ముని. వినే పిల్లలకు అది నీతివాక్యం, చెప్పే మునికి నిజం. మీ కథలో అడవిలో ఉన్న తల్లి కొడుకును సాగనంపేటప్పుడు ఇలాంటి రెండంచుల మాట ఒకటి అంటే బాగుంటుందేమో చూడండి.

అట్ట వెనక వాక్యం ఇలా మార్చవచ్చు: “తానెవరో పొక్కనివ్వకుండా తండ్రి కొలువులోనే అజ్ఞాతవాసం చేసిన ఒక రాకుమారుడు, చివరికి ఆ తండ్రికే ఎదురుతిరిగిన కథ.” ‘పాలకుడైన’ తీసేశాను. కొలువు అన్నాక అతను రాజని వేరే చెప్పనక్కర్లేదు.

‘మారువేషం’ మీ కథలో ఎక్కడ ఉందో నాకు కనబడలేదు. వాడు పేరు మార్చాడు గానీ వేషం మార్చలేదు, నిజంగానే సైనికుడయ్యాడు. రాజు రాత్రిపూట ఊళ్ళో తిరిగి జనం మాటలు వినే ఘట్టం పెడితే అక్కడ ఆ మాట వాడండి. రాసేటప్పుడు ‘ష’ రాయండి. మారువేశం అని కొన్నిచోట్ల అచ్చవుతోంది, సంస్కృతంలో వేశ శబ్దం ఉన్నా తెలుగు వాడుకలో స్థిరపడింది వేషమే. మారుపేరు, మారువేషం రెండూ విడదీయకుండా కలిపే రాయాలి.