డ్యామ్‌లో కరెంటు ఆదాయం పోగొట్టుకోకుండా కింద నదిని కాపాడటం సాధ్యమేనా?

చాలావరకు సాధ్యమే. నీళ్లు ఎన్ని వదిలారన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, ఎప్పుడు, ఏ దారిలో వదిలారన్నదీ చూడాలి.

జలవిద్యుత్తుకున్న బలం, అడిగిన నిమిషాల్లో కరెంటు ఇవ్వగలగడం. అందుకే వాడకం పెరిగే వేళ టర్బైన్లకు నీళ్లు పెంచి, రాత్రి తగ్గిస్తారు. కింద నది రోజూ ఉబ్బి తగ్గుతూ ఉంటుంది. అమెరికాలో కొలరాడో నది మీది గ్లెన్ కాన్యన్ డ్యామ్ దిగువన దెబ్బ తిన్నవి నీటి పురుగులు. అవి సాయంత్రం నీటి అంచున రాళ్లకు గుడ్లు పెడతాయి. కొన్ని గంటల్లో నీళ్లు దిగిపోతే గుడ్లు ఎండిపోతాయి, చేపలకు తిండి కరువవుతుంది.

2018 మే నుంచి ఆగస్టు దాకా అక్కడ శని, ఆదివారాల్లో ప్రవాహాన్ని తక్కువగా, నిలకడగా ఉంచారు. అప్పుడు నీటి అంచు కిందికే ఉంటుంది కాబట్టి ఆ రెండు రోజులు పెట్టిన గుడ్లు వారమంతా నీళ్లలోనే ఉంటాయి. వారాంతంలో కరెంటుకు గిరాకీ ఎలాగూ తక్కువ కాబట్టి నష్టమూ తక్కువే. నాకు బాగా నచ్చిన పరిష్కారం ఇది.

అన్నీ ఇంత చౌకగా కుదరవు. నది అడుగున ఉన్న ఇసుకను లేపి ఒడ్డున తిన్నెలుగా నిలబెట్టడానికి 1996లో అక్కడే కృత్రిమ వరద వదిలారు. అలాంటప్పుడు టర్బైన్లను తప్పించి వేరే గొట్టాల్లోంచి పోయే నీరు ఒక్క యూనిట్ కూడా ఇవ్వదు, ఆ లోటుకు కరెంటు బయట కొనాలి.  అయినా ఆ ఖర్చు అప్పుడప్పుడూ భరించాల్సిందే. తిన్నె ఒకసారి కొట్టుకుపోతే, ఇసుక చాలావరకు పైన జలాశయంలోనే ఆగిపోయే నదికి తనంతట తానే మళ్లీ దాన్ని కట్టుకోవడం కష్టం.