విప్పే ముందు రాసుకో

హనుమకొండ

అల్లుడా,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట రెండు రోజులుగా నా చెవిలోనే ఉంది. "ఏడాదిలో నాలుగు ఆన్‌లైన్ కోర్సులు పూర్తి చేశాను మామా, సర్టిఫికెట్లు కూడా వచ్చాయి. పొలం గట్టు మీద పంపు కంట్రోలర్ డబ్బా తెరిస్తే మాత్రం ఒక్కటీ గుర్తుకు రాదు" అన్నావు. నీ బుర్రకేమీ కాలేదు. లోపలికి పోస్తూనే ఉన్నావు, ఒక్కసారి కూడా బయటికి తోడలేదు. తోడని బావిలో ఊట ఎట్లా ఉంటుంది?

నేను 1984లో మోటార్ వైండింగ్ షాపులో, అంటే కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే చోట, చేరాను. కాలిన మోటారు బెంచీ ఎక్కితే చాలు, స్పానర్ పట్టుకుని బోల్టుల మీద పడేవాణ్ణి. మా ఉస్తాద్ చేతి మీద ఒక్కటి వేసి, "పహలే బోల్, ఫిర్ ఖోల్" అనేవాడు. ముందు చెప్పు, తర్వాత విప్పు. ఎందుకు కాలిందో, లోపల ఏ కాయిల్ ఎట్లా ఉంటుందో మోటారు మూసి ఉండగానే చెప్పాలి. మోటారు తెచ్చిన రైతును కూర్చోబెట్టి అడగాలి. ఆగే ముందు మూలిగిందా? ఫ్యూజు ఒక్కటే పోయిందా? స్టార్టర్ పడిపోకుండా అడ్డంగా పుల్ల పెట్టి నడిపించావా? ఈ చివరి ప్రశ్నకు ఎవరూ నిజం చెప్పరనుకో, కానీ అడిగినప్పుడు వాళ్ల ముఖం చూస్తే తెలిసిపోయేది.

విప్పాక మూడు ఫేజుల కాయిల్సూ ఒకే తీరుగా నల్లబడి ఉంటే లోడ్ ఎక్కువైనట్టో, బేరింగ్ పట్టేసినట్టో అనుకోవాలి. మూడు కాయిల్స్ చివరలనూ ఒకే చోట కలిపే స్టార్ కనెక్షన్ మోటారులో రెండు ఫేజులు మాడిపోయి మూడోది కొత్త పెళ్లికూతురిలా మెరుస్తుంటే ఒక లైను కరెంటు రాకుండా నడిచిందన్నమాట, అదే సింగిల్ ఫేజింగ్. మూడు కాయిల్స్‌నూ త్రికోణంలా కలిపే డెల్టాలో ఇది తిరగబడుతుంది. ఒక్క ఫేజు మాడి, మిగతా రెండూ బాగుంటాయి. ఈ డెల్టా ముక్క నేను పుస్తకంలో మూడుసార్లు చదివాను, ఎక్కలేదు. పరకాల నుంచి వచ్చిన ఒక డెల్టా మోటారును చూసి, రైతు ముందు "రెండు ఫేజులు పోయాయి" అని బల్లగుద్ది చెప్పాను. విప్పితే ఒక్కటే పోయింది. ఉస్తాద్ ఏమీ అనకుండా బీడీ వెలిగించుకున్నాడు. నలభై ఏళ్లు దాటినా ఆ కాయిల్ రంగుతో సహా గుర్తుంది నాకు.

ఇది మా ఉస్తాద్ ఒక్కడి తెలివి అనుకునేవాణ్ణి. మా అమ్మాయి బీఈడీ చదివేటప్పుడు ఒక సంగతి చెప్పింది. అమెరికాలో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు 2006లో ఒక పరిశోధన అచ్చు వేశారట. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకొందరు ఒక్క విడతే చదివి, చూడకుండా మూడుసార్లు గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లే గెలిచారు. వారం తర్వాత పెడితే వాళ్లకు గుర్తున్నది 40 శాతం, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు 61 శాతం. నువ్వు వీడియో అయిపోగానే "అర్థమైంది" అనుకుంటావు చూడు, అది ఆ ఐదు నిమిషాల గెలుపు. పొలం గట్టు మీద కావలసింది వారం తర్వాతిది.

అందుకని ముందు ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొను. ఫోన్‌లో రాస్తానంటావు, వద్దు. ఫోన్ తీశావంటే వేరే లోకానికి పోతావు. సైటుకు వెళ్లగానే, డబ్బా తెరవకముందు, రెండు లైన్లు రాయి. ఏం పోయిందనుకుంటున్నావు, ఎందుకనుకుంటున్నావు. పని అయ్యాక మూడో లైను: నిజంగా ఏం తేలింది. నీ అంచనా తప్పితే ఆ మూడో లైను ఎర్ర పెన్నుతో రాయి. నా పాత బుక్కుల్లో వార్నిష్ మరకల మధ్య ఎర్ర లైన్లే ఎక్కువ. అవి చూసి సిగ్గుపడేవాణ్ణి, తర్వాత అవే నా అసలు పుస్తకమయ్యాయి. ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ మూడో లైను మీద అరచెయ్యి పెట్టి, పై రెండు లైన్లు చదివి, కింద ఏముందో నీకు నువ్వే చెప్పుకో. చెప్పలేకపోయిన పేజీ మూల మడిచిపెట్టు. మళ్లీ వారం చూడు, మళ్లీ నెలకు చూడు. ఇరవై నిమిషాల పని. కోర్సులకూ ఇదే. పాఠం మొదలుకాకముందు ఇందులో ఏం చెప్తాడో రాసుకో, అయ్యాక స్క్రీన్ ఆపి ఏం చెప్పాడో రాసుకో. నాలుగు కోర్సులు వద్దు, ఒక్కటి చాలు. సర్టిఫికెట్ కూడా తీసుకో, ప్రమోషన్‌కు పనికొస్తుంది, దాని మీద నాకేం కోపం లేదు.

ఏం నేర్చుకోవాలి అని కూడా అడిగావు. నీ పనికి ఆనుకుని ఉన్న గది తలుపు తట్టు. ఊరవతల గది కాదు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కరెంటు ఆదా ఎంతో చెప్పే స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది కదా, అప్పటి నుంచి నా షాపుకు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అంటే ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచేవి, ఎక్కువయ్యాయి. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటే ఇవి 30 చిల్లరతో తిరుగుతాయి. ఫ్యానంటే ఫ్యానే కదా అని ధీమాగా విప్పాను, ముందు రాసుకోవడం కూడా మానేసి. లోపల బోర్డు. ప్లగ్గు పీకేశాను కదా అని వేలు పెట్టాను. 230 ఓల్టుల ఏసీని డీసీ చేస్తే దాదాపు 325 ఓల్టులవుతుంది, అది కెపాసిటర్‌లో నిల్వ ఉంటుంది. చెయ్యి విసిరికొట్టి స్టూలు మీద నుంచి పడ్డాను. మీ అత్త ఇప్పటికీ నవ్వుతుంది.

ఆ వయసులో ఎలక్ట్రానిక్స్ అ ఆ ల నుంచి మొదలుపెడితే ఈ జన్మకు తేలేది కాదు. పక్క సందులో సెల్‌ఫోన్లు బాగుచేసే పిల్లవాడి దగ్గరికి పోయి కూర్చున్నాను. వాడు నాకు బోర్డు చూపించాడు, నేను వాడికి కాయిల్ చుట్టడం నేర్పాను. పోయిన బోర్డులు పది పోగేసి, వాటి మీదే చేతులు కాల్చుకున్నాను. వింతేమిటంటే ఆ ఫ్యాన్‌లోనూ ఉన్నవి మూడు ఫేజులే. బయటికొచ్చే మూడు వైర్లనూ రెండేసి చొప్పున మీటర్‌తో కొలిస్తే మూడు రీడింగులూ సమానంగా ఉండాలి. ఉంటే వైండింగ్ మంచిదే, బోర్డు వైపు చూడాలి. నా పాత విద్యే నన్ను కొత్తదాని గడప దాకా తీసుకుపోయింది. నీకు పంపు తెలుసు, కాబట్టి కంట్రోలర్ పట్టుకో. డేటా సైన్స్ కోర్సు ఎవరో చెప్పారని తీసుకున్నావు చూడు, అది ప్రస్తుతానికి పక్కన పెట్టు.

ట్రైనింగ్‌కు కంపెనీ టైమివ్వడం లేదంటావు. ఇవ్వదు. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే బస్సులో కూర్చున్న గంట నీదే, పోయినసారి చూసిన తప్పును ఆ గంటలో గుర్తు తెచ్చుకో. నీ కింద ఉన్న హెల్పర్‌కు కూడా పని చెప్పేటప్పుడు కారణం చెప్పు. వాడు "ఎందుకన్నా?" అని అడిగిన చోట నీకు జవాబు రాకపోతే, ఆ రాత్రికి నీ పాఠం అదే.

బతుకమ్మకు చెల్లెను తీసుకుని వస్తావు కదా, నోటుబుక్కు కూడా పట్టుకురా. అటక మీద పాత 5 హెచ్‌పీ మోటారు ఒకటి పడి ఉంది, ఎందుకు కాలిందో నేను కూడా చూడలేదు. నువ్వు వచ్చేదాకా విప్పను. ఇద్దరం చెరో కాగితం మీద రాసి, మీ అత్త చేతిలో పెట్టి, అప్పుడు స్పానర్ పట్టుకుందాం.

మీ మామ