రెప్ప కొట్టేదాకా చదువు

స్వాతీ,

"నాన్నకు ఆ సినిమా చూపించనా పెద్దమ్మా?" అని అడిగావు. ఇప్పుడే వద్దు. ముందు నువ్వు చూడు, అమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకో. తర్వాత నాన్ననే అడుగు. చూస్తారో లేదో ఆయనే చెబుతారు.

మీ పెదనాన్న కూడా ఇప్పుడు నాన్నలాగే ఒళ్లు కదలక మంచాన పడ్డ నాలుగేళ్లూ నాకు ఆ సినిమా సంగతే తెలియదు. ఆయన పోయాక చూశాను. 'ద డైవింగ్ బెల్ అండ్ ద బటర్‌ఫ్లై', 2007లో జూలియన్ ష్నాబెల్ తీసిన ఫ్రెంచి సినిమా. నిజంగా జరిగిన కథ. పారిస్‌లో 'ఎల్' పత్రిక ఎడిటర్ జాన్ డొమినిక్ బోబీకి 1995 డిసెంబరులో, 43 ఏళ్ల వయసులో స్ట్రోక్ వచ్చింది. మీ నాన్నకు వచ్చినట్టే, బ్రెయిన్ స్టెమ్‌లో, అంటే మెదడు వెన్నుపాముతో కలిసే చోట. దాదాపు మూడు వారాలకు స్పృహ వచ్చేసరికి అతని స్వాధీనంలో మిగిలింది ఎడమ కనురెప్ప. అన్నీ వినపడతాయి, అన్నీ అర్థమవుతాయి, చెప్పడానికే దారి లేదు.

సినిమా మొదట్లో చాలాసేపు బోబీ మొహం మనకు కనిపించదు. అతని కన్నే కెమెరా. మనుషులు మసక మసకగా మన మీదికి వంగి మాట్లాడుతుంటారు. అతను లోపల జవాబు చెబుతూనే ఉంటాడు, వాళ్లకు వినపడదు. పాడవుతుందని కుడి కన్ను రెప్పను కుట్టేస్తారు, ఆ కుట్లు పడటం కూడా లోపలినుంచే చూస్తాం. అక్కడ టీవీ ఆపేశాను. మీ పెదనాన్న మంచం పక్కనే నిలబడి హాస్పిటల్ బిల్లుల సంగతి, పొలం అమ్మే సంగతి ఎన్నిసార్లు మాట్లాడుకున్నామో గుర్తొచ్చింది. ఆయనకు ప్రతి మాటా వినపడింది.

నువ్వు ఆ పని చెయ్యకు. నాన్న గదిలో నాన్న గురించి మాట్లాడొద్దు, నాన్నతో మాట్లాడు. చూడటానికి వచ్చినవాళ్లు "జీవచ్ఛవంలా అయిపోయాడమ్మా" అంటే అక్కడికక్కడే, ఆయన వినేలా, "నాన్నకు అన్నీ తెలుస్తున్నాయి" అని చెప్పు. పారిస్‌లో కూడా బోబీ కూరగాయలా మారిపోయాడని చెప్పుకున్నారు. ఆ మాట అతని దాకా వెళ్లింది.

స్పీచ్ థెరపిస్టు అక్షరాలను వాడుక ఎక్కువున్న వరసలో పేర్చి చదువుతుంది, కావలసిన అక్షరం దగ్గర అతను రెప్ప కొడతాడు. అలా అక్షరం అక్షరం చెప్పి ఒక పుస్తకమే రాయించాడు. 1997 మార్చిలో అది అచ్చయింది, కొద్ది రోజులకే పోయాడు.

ఆ పద్ధతి మన తెలుగుకు ఉన్నదున్నట్టు కుదరదు. మేం కూడా అక్షరాలే చదివేవాళ్లం కానీ తిప్పలు పడి మార్చుకున్నాం. ఖ, ఘ, ఛ, ఝ లాంటివన్నీ తీసేసి, మిగిలినవి అయిదు వరసలుగా రాశాను. ముందు "ఒకటో వరసా? రెండో వరసా?" అని అడగాలి. రెప్ప కొట్టాక ఆ వరసలో అక్షరాలు చదవాలి. అక్షరం దొరికాక దాని గుణింతం చదవాలి. మొదట్లో ఆలస్యమవుతోందని గుణింతం వదిలేసేదాన్ని. ఒక రాత్రి 'ద' దగ్గర ఆగారు, తర్వాత 'మ' దగ్గర. దమ్ము ఆడటం లేదనుకుని నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. తల వైపు ఎత్తు పెట్టి, డాక్టరుకు ఫోన్ చేస్తుంటే ఆయన రెండేసిసార్లు రెప్ప కొడుతూనే ఉన్నారు. రెండుసార్లు అంటే 'కాదు'. చివరికి గుణింతం చదివితే 'దో' దగ్గర ఆగారు. దోమ. కనుబొమ మీద కూర్చుని కుడుతోంది.

అందుకని మాట సగంలో ఉండగా నువ్వు పూర్తి చెయ్యకు. తెలిసిపోయిందనిపించినా "ఫ్యానా నాన్నా?" అని అడుగు, రెప్ప కొట్టాకే లే. టీవీ ఆపేముందూ అడుగు. సినిమాలో ఒకతను ఫుట్‌బాల్ మ్యాచ్ నడుస్తుండగా టీవీ కట్టేసి వెళ్లిపోతాడు, చూస్తే నీకే తెలుస్తుంది. రెండు గంటలకోసారి ఒత్తిగిలించడం, కంట్లో చుక్కలు, డాక్టరు చెప్పేదాకా నోటితో ఏమీ పెట్టకపోవడం, ఇవన్నీ నర్సు నీకు చెప్పే ఉంటుంది.

ఇప్పుడే చూపించొద్దని ఎందుకన్నానంటే, మాట చెప్పే దారి దొరకగానే బోబీ చెప్పేది చచ్చిపోవాలని ఉందనే. ఆ థెరపిస్టు కోపంతో లేచి వెళ్లిపోతుంది, కాసేపటికి తిరిగొచ్చి క్షమించమంటుంది. నాన్న కూడా ఏదో ఒక రోజు ఆ మాట అనొచ్చు. అంటే నోరు మూయించకు. ఎందుకో అడుగు, ఎంతసేపైనా చదువు, డాక్టరుకూ చెప్పు. రెండో నెలలో మీ పెదనాన్న 'చా' దగ్గర ఆగినప్పుడు నేను ఏడుస్తూ చార్టు మూసేశాను. ఆయన మళ్లీ ఆ మాట మొదలుపెట్టలేదు. చావు అనబోయారో, చాలు అనబోయారో, చాప అనబోయారో నాకు ఈరోజుకీ తెలియదు.

చార్టు కొరియర్‌లో పంపాను. నాన్న చూపు ఏ వైపు బాగా ఆనుతోందో చూసుకుని అటు నిలబడు. మొదట్లో పావుగంట చాలు, కళ్లు అలిసిపోతాయి. ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. ఏం తెమ్మంటారో నాన్ననే అడిగి, గుణింతంతో సహా ఆయన చెప్పిన మాట నాకు పంపు.

పెద్దమ్మ