బీచ్‌కి ఇసుక పోయించే ఖర్చు ఎవరిది?

“కోతకు గురైన తీరానికి ఇసుక పోయిస్తే ఆ డబ్బు ఒడ్డున ఇళ్లున్నవాళ్లు పెట్టుకోవాలా, ఊరంతా పెట్టుకోవాలా?” అని అడిగారు. ఎవరు అనేదానికంటే ముందు, ఎన్నిసార్లు అని అడగండి. పోసిన ఇసుక కొన్నేళ్లకి కొట్టుకుపోతుంది, మళ్లీ పోయాల్సిందే. సముద్రమట్టం పెరిగేకొద్దీ ఆ గడువు ఇంకా తగ్గుతుంది. ఒక్క గ్రాంటు తెచ్చుకుని, రెండో విడతకి పైసా పక్కన పెట్టని ఊరు అసలు మొదలుపెట్టకపోవడమే నయం.

అమెరికాలో, నార్త్ కరోలినాలోని నాగ్స్ హెడ్ సంగతి చూడండి. కేంద్రం నిధులు రాకపోయేసరికి 2011లో ఆ ఊరే పూనుకుని 10 మైళ్ల పొడవున 46 లక్షల ఘనపు గజాల ఇసుక పోయించింది. సుమారు 3.6 కోట్ల డాలర్లు, అంటే ఘనపు గజానికి 8 డాలర్ల లోపే. కొంత డబ్బు పర్యాటకుల గది అద్దెల మీద పన్ను నుంచి వచ్చింది. మిగతాది అప్పు తెచ్చి, అదనపు ఆస్తిపన్నుతో తీర్చారు. సముద్రం వైపున్న ఆస్తుల మీద భారం ఎక్కువ. నా లెక్కలో ఇదే సరైన పద్ధతి. పని నడుస్తుండగానే ఆగస్టులో ఐరీన్ హరికేన్ వచ్చి మీద పడింది, అయినా పూర్తి చేశారు. 2019లో మళ్లీ పోసినప్పుడు మాథ్యూ తుఫాను నష్టం కింద ఫెమా (అమెరికా కేంద్ర విపత్తు సాయ సంస్థ) డబ్బు కూడా కలిసింది.

ఆ ఫెమా డబ్బు ఊరికే రాదు. బీచ్ డిజైన్ ప్రకారం కట్టినదై ఉండాలి, క్రమం తప్పకుండా నిర్వహిస్తూ ఉండాలి, పోయిన ఇసుక ఎంతో సర్వేలతో చూపాలి. మోకాలి లోతు దాకా కొలిచిన సర్వే ఎందుకూ పనికిరాదు. పడవ మీద సోనార్ (శబ్దంతో లోతు కొలిచే పరికరం) పెట్టి, ఇసుక కదలిక దాదాపు ఆగిపోయే లోతు దాకా కొలవాలి. ఎందుకంటే మొదటి ఏడాదే పొడిగా కనిపించే బీచ్ సన్నబడుతుంది. అందులో చాలా ఇసుక ఎక్కడికీ పోదు, నీటి అడుగున వాలుగా సర్దుకుంటుంది. అది తెలియని టీవీవాళ్లు “కోట్లు నీళ్లపాలు” అని అరుస్తారు. సర్వే కాగితం చేతిలో లేకపోతే కౌన్సిల్ దగ్గర జవాబే ఉండదు.

డబ్బు వృథా అయ్యేది వేరే చోట. పోసిన భాగం పొడవు రెట్టింపైతే ఇసుక నాలుగింతల కాలం నిలుస్తుంది. సగానికి తగ్గిస్తే పావు కాలమే. అందుకే ఒక్కో ఊరు తన ముందున్న అర మైలుకే పోయించుకోవడం తెలివితక్కువ పని. పైగా డ్రెడ్జర్‌నీ (సముద్రం అడుగు నుంచి ఇసుక తోడే ఓడ) పైపులనీ తెచ్చి దించే ఖర్చు మొదటి బొట్టు ఇసుక పడకముందే పడుతుంది, పని చిన్నదైనా పెద్దదైనా పెద్దగా మారదు. పక్క ఊళ్లతో కలిసి ఒకే టెండరు వేయండి. చవగ్గా దొరికిందని స్థానిక ఇసుక కంటే సన్నటిది తెస్తే, ఆ గడువు ఇంకా కుంచించుకుపోతుంది.

తీరం వెంబడి ఇసుక కొట్టుకొచ్చే వైపున రేవు గోడ ఆ ఇసుకని అడ్డుకుంటున్న చోట మాత్రం మొదటి బిల్లు ఆ గోడ కట్టినవాళ్లకే వెళ్లాలి. ఆస్ట్రేలియాలో ట్వీడ్ నది ముఖద్వారం దగ్గర 2001 నుంచి పంపులతో ఇసుకని అవతలికి దాటిస్తున్నారు. ఖర్చు రెండు రాష్ట్ర ప్రభుత్వాలదే.

ఊరంతా కట్టాలంటే ఊరందరికీ దారి ఉండాలి. నడకదారికి గేటు పెట్టి తాళం వేసుకునే కాలనీ ముందు పోసే ఇసుకకి మాత్రం పూర్తి బిల్లు ఆ కాలనీకే పంపండి.