రిపేర్లు చేయించకుండానే పాత ఇల్లు అమ్మొచ్చా?

ప్రశ్న: విజయనగరం కంటోన్మెంట్‌లో నాన్నగారు 1984లో కట్టించిన స్లాబు ఇల్లు ఉంది. స్థలం 180 గజాలు. హుద్‌హుద్ తుఫానప్పుడు వంటగది గోడ బీట తీసింది. ఇప్పుడు హాల్లో కప్పు పెచ్చులూడి ఇనుప చువ్వలు కనిపిస్తున్నాయి. నాన్నగారు వీలునామా రాయకుండానే పోయారు. అమ్మ నా దగ్గరే ఉంటోంది, తమ్ముళ్ళిద్దరూ హైదరాబాద్‌లో ఉన్నారు. పది లక్షలు పెట్టి బాగుచేయిస్తే ఇరవై లక్షలు ఎక్కువ పలుకుతుందని బ్రోకర్ అంటున్నాడు. తమ్ముళ్ళేమో ఉన్నది ఉన్నట్టు అమ్మేద్దామంటున్నారు. రాత్రుళ్ళు ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: తమ్ముళ్ళ మాటే సబబుగా ఉందమ్మా. పది లక్షలు పెట్టకండి.

ముందు ఒక్క విషయం ఆలోచించండి, ఆ ఇల్లు కొనేదెవరు? ఊరి మధ్యలో 180 గజాలు కొనేవాడు చాలావరకు స్థలం చూసి కొంటాడు, నలభై ఏళ్ళు దాటిన ఇంటిని పడగొట్టి తనకు కావలసినట్టు కట్టుకుంటాడు. అలాంటివాడికి మీరు వేయించిన టైల్స్, రంగులు రేపు ట్రాక్టర్‌లో పోయే మట్టితో సమానం, వాటికి రూపాయి ఎక్కువ ఇవ్వడు.

చువ్వలు బయటపడ్డాయంటే అది పైపూతతో పోయే జబ్బు కాదు. తేమ, ఉప్పు లోపలికి దిగి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఆ ఉబ్బు కింది కాంక్రీటును నెట్టేస్తుంది, పెచ్చులు రాలేది అందుకే. తుప్పంతా గీకి, అవసరమైన చోట కొత్త చువ్వలు కట్టి చేస్తే తప్ప నిలబడదు. మామూలుగా మేస్త్రీలు చేసేది సిమెంటు మెత్తి సున్నం కొట్టడం. ఒక వానాకాలం వెళ్ళేసరికి మళ్ళీ అదే చోట గోధుమ రంగు మరక కనిపిస్తుంది.

శ్రీకాకుళంలో మా మేనత్త ఇల్లు అమ్మేటప్పుడు ఇదే జరిగింది. చుట్టాలు చెప్పారని కప్పు మెత్తించి రంగులు వేయించాం. చూడ్డానికి వచ్చినాయన తనతో మేస్త్రీని తెచ్చుకున్నాడు. ఆ మేస్త్రీ స్టూలెక్కి తాపీ పిడితో కప్పు మీద నాలుగు చోట్ల తట్టాడు, రెండు చోట్ల డొల్ల చప్పుడు వచ్చింది. అంతే, కొనేవాళ్ళ ముఖాలు మారిపోయాయి. కప్పు పాడైందని కాదు, మేం దాచామని. ఇంకేం దాచారో అన్న అనుమానంతో వాళ్ళు మళ్ళీ రాలేదు. అత్త చాన్నాళ్ళు బాధపడింది, ఆ తప్పులో నా చెయ్యి కూడా ఉంది.

చట్టం కూడా ఇదే చెబుతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని పెద్ద లోపం మీకు తెలిసి ఉంటే, అది మీరే చెప్పాలి. కాబట్టి ఒక సివిల్ ఇంజినీరును పిలిచి ఇల్లు చూపించి, ఏమేం పాడయ్యాయో, బాగుకు ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. ఖర్చు కొద్దిగానే అవుతుంది. ఆ కాగితం కొనేవాళ్ళ చేతికే ఇవ్వండి. అగ్రిమెంట్‌లో ‘లోపాలు చూపించాం, ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నారు’ అని రాయించండి.

ధర ఎలా కట్టాలంటే, మీ వీధిలో ఈమధ్య అమ్ముడైన ఖాళీ స్థలాల గజం రేటు కనుక్కుని, అందులోంచి పడగొట్టే ఖర్చు తీసేయండి. అంతకంటే కిందికి దిగకండి. బ్రోకర్‌కంటే ముందు పక్కింటివాళ్ళను అడగండి, తమ స్థలంలో కలుస్తుంది కనుక వాళ్ళకే ఎక్కువ అవసరం ఉండొచ్చు. లోన్ మీద కొనేవాళ్ళతో కొంచెం జాగ్రత్త, బ్యాంకు తరఫు ఇంజినీరు ఇంటి వయసు చూసి విలువ తగ్గిస్తే బేరం మధ్యలో ఆగిపోతుంది.

చేయించాల్సినవి ఏమైనా ఉన్నాయంటే, ఊడబోతున్న పెచ్చులు ముందే రాల్పించండి, చూడ్డానికి వచ్చినవాళ్ళ నెత్తిన పడకూడదు. పిట్టగోడలో రావి మొక్క మొలిచి ఉంటే తీయించండి. పాత సామాను ఖాళీ చేయండి. అంతే.

డబ్బు, ఓపిక రెండూ కాగితాల మీద పెట్టండి. వీలునామా లేదు కాబట్టి అమ్మకు, మీకు, తమ్ముళ్ళిద్దరికీ సమాన వాటా. ఆడపిల్ల సంతకం ఎందుకులే అని ఎవరైనా అంటే నమ్మకండి, నలుగురూ సంతకం పెట్టాల్సిందే. సచివాలయంలో దరఖాస్తు చేసి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోండి, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ (ఆస్తి మీద తనఖాలు, లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి, ఇంటి పన్ను బకాయిలు కట్టేయండి. అడ్వాన్స్ అయినా సరే 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవద్దు, తీసుకుంటే అంత మొత్తమూ పెనాల్టీ పడొచ్చు. చెక్కో, బ్యాంకు ట్రాన్స్‌ఫరో అడగండి. లాభం మీద పన్ను ఎవరి వాటాకు వాళ్ళకే వస్తుంది. 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకునే వీలుంది కనుక అగ్రిమెంట్‌కు ముందే ఒకసారి ఆడిటర్‌ను కలవండి.

ప్రశ్న: పలాస దగ్గర మా తాతల పెంకుటిల్లు ఉంది. తిత్లీ తుఫానుకు సగం పెంకులు ఎగిరిపోయాయి. పడగొట్టి ఖాళీ స్థలంగా అమ్మితే మంచిదా?
- మరో పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తొందరపడకండి. ఇల్లుగా అమ్మి ఆ లాభంతో రెండేళ్ళలోపు మరో ఇల్లు కొన్నా, మూడేళ్ళలోపు కట్టుకున్నా పన్ను మినహాయింపు వస్తుంది. అదే ఖాళీ స్థలంగా అమ్మితే లాభం ఒక్కటే పెడితే చాలదు, అమ్మగా వచ్చిన మొత్తం కొత్త ఇంటిలో పెట్టాలి, అప్పుడే పూర్తి మినహాయింపు. పైగా పడగొట్టే కూలీ మీ జేబులోంచే పోతుంది. దూలాలు, గుమ్మాలు టేకువైతే మాత్రం పాత కలప కొనేవాళ్ళకు ముందే చూపించి రేటు తెలుసుకోండి. కలప మీరు తీసుకుంటారా, ఇంటితో పాటే ఇస్తారా అన్నది అగ్రిమెంట్‌లో స్పష్టంగా రాయించండి, చివరికి గొడవలయ్యేది ఎక్కువగా ఆ గుమ్మాల దగ్గరే.