చెన్నైలో లేజర్ హాల్ వెతుక్కుని వెళ్లాలా? బూత్‌లో పనిచేసినవాడిగా నా జవాబు

ప్రశ్న: "చెన్నైలో ఉంటాం. తెలుగు సినిమా వస్తే ఒక హాల్లో 4కే అంటారు, ఇంకో హాల్లో లేజర్ అంటారు. ఈ ప్రొజెక్టర్లలో నిజంగా తేడా ఉందా, పేర్లేనా? రీళ్ల కాలం కంటే బొమ్మ బాగుపడిందా?"

తేడా ఉందండీ. కాకపోతే అది 4కేలో కంటే వెలుతురులో ఎక్కువ ఉంది. నేను మౌంట్ రోడ్డు వైపు ఒక థియేటర్‌లో అసిస్టెంట్ ఆపరేటర్‌గా చేరి, ఆ తర్వాత డిజిటల్ ప్రొజెక్టర్ల సర్వీసులోకి మారాను. ప్రొజెక్టర్లలో వెలుతురిచ్చే దీపాలు కార్బన్, జీనాన్, లేజర్ అని మూడు రకాలు, మూడింటి దగ్గరా పనిచేశాను. ఏ హాల్లో బొమ్మ బాగుంటుందని ఎవరడిగినా ముందు దీపం సంగతే అడుగుతాను.

నేను చేరేనాటికి పెద్ద హాళ్లలో జీనాన్ లాంపులు వచ్చేశాయి. మా ఓనరు మాత్రం కార్బన్ మెషిన్లతోనే నెట్టుకొస్తున్నాడు. రాగి పూత పూసిన రెండు కార్బన్ కడ్డీలను ఎదురెదురుగా పెట్టి కరెంటు ఇస్తే కొనల మధ్య మంట లేస్తుంది. ఆ మంటే తెర మీద వెలుతురు. కడ్డీలు కాలిపోతూ ఉంటాయి కాబట్టి మధ్య ఎడం పెరుగుతుంది, దాన్ని సర్దుతూ ఉండాలి. ముందుకు నెట్టడానికి చిన్న మోటారు ఉండేది కానీ దాన్ని నమ్మి టీకి వెళ్లినవాడు లేడు. నల్లద్దంలోంచి మంటను చూసుకుంటూ మర తిప్పుకోవాలి. కాస్త ఏమరితే తెర అంచులు పసుపెక్కేవి. మా హెడ్ ఆపరేటర్ ఆరణి దగ్గరి తెలుగాయన. కాలగా మిగిలిన కడ్డీ ముక్కల్ని పారేయనిచ్చేవాడు కాదు. "ఒరే నాయనా, స్లైడ్లకు పనికొస్తాయి, దాచిపెట్టు" అనేవాడు. అడ్వర్టయిజ్‌మెంట్లన్నీ ఆ ముక్కల మీదే నడిచేవి.

ఇక రీళ్లు. సెకనుకు 24 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగుల ఫిల్మ్. వెయ్యడుగుల రీలు పదకొండు నిమిషాలు. రెండున్నర గంటల సినిమా అంటే పదమూడున్నర వేల అడుగులు, అందుకే పద్నాలుగు రీళ్ల సినిమా అనేవాళ్లం. రెండేసి రీళ్లు కలిపి ఒక స్పూలుకు చుట్టి, పక్కపక్కన ఉన్న రెండు మెషిన్ల మీద మార్చి మార్చి నడిపేవాళ్లం. స్పూలు అయిపోయే ముందు తెర కుడివైపు పైమూల ఒక చుక్క మెరుస్తుంది. అప్పుడు రెండో మెషిన్ మోటారు ఆన్ చేయాలి. కొన్ని సెకన్లకు ఇంకో చుక్క. అది కనబడగానే ఇక్కడ షట్టరు మూసి అక్కడ తెరవాలి. సరిగ్గా చేస్తే హాల్లో ఒక్కడికీ తెలియదు. తప్పితే ఈలలు, ఆపైన బూతులు. మంచి పాట వస్తున్నా మా కళ్లు ఆ మూలనే ఉండేవి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. సాలిగ్రామంలోని ప్రసాద్ ల్యాబ్ నుంచి అప్పుడే వచ్చిన కొత్త ప్రింటును మంచి లెన్సుతో, మంచి దీపంతో మొదటి వారం వేస్తే ఆ బొమ్మకు ఇవాళ్టికీ వంక పెట్టలేం. నలుపు నల్లగా ఉండేది, ముఖాల్లో జీవం ఉండేది. చిక్కంతా ఆ తర్వాతే. అదే ప్రింటు నాలుగు ఊళ్లు తిరిగి గూడూరో వెంకటగిరో చేరేసరికి తెర మీద గీతల వాన మొదలయ్యేది. అంచు రంధ్రాలు చిరిగిన ఫిల్మ్, అతుకుల దగ్గర ఎగిరిపోయిన డైలాగులు, అంచున అరిగిపోయిన సౌండ్ ట్రాక్. ప్రింటు ఒక్కోటి అరవై డెబ్బై వేల దాకా అయ్యేది కాబట్టి తక్కువ కొట్టేవాళ్లు, చిన్న ఊళ్లు నెలల తరబడి ఆగేవి. ఒకే ప్రింటును రెండు హాళ్లు పంచుకుని మోపెడ్ మీద రీళ్లు మోసిన రోజులూ ఉన్నాయి. ట్రాఫిక్‌లో కుర్రాడు చిక్కుకుంటే ఇక్కడ ఇంటర్వెల్ సాగదీసేవాళ్లం. డిజిటల్ వల్ల నిజమైన లాభం ఎవరికంటే ఆ చిన్న ఊళ్లకే. నూరో రోజు బొమ్మ కూడా మొదటి రోజు బొమ్మలాగే ఉంటుంది.

మన దగ్గర డిజిటల్ రావడం కాస్త అడ్డదారిలో జరిగింది. హాలీవుడ్ స్టూడియోలు 2002లో డీసీఐ అని కూటమి కట్టి, 2005లో ప్రమాణాలు ప్రకటించాయి. 2కే అంటే అడ్డంగా 2048 చుక్కలు, 4కే అంటే 4096, తెర మధ్యలో వెలుతురు 14 ఫుట్‌ల్యాంబర్ట్‌లు, ఇలా అన్నిటికీ లెక్క. ఆ ప్రమాణానికి సరిపడే ప్రొజెక్టర్లు చాలా ఖరీదు. అదే సమయంలో చెన్నై నుంచి క్యూబ్, ముంబై నుంచి యూఎఫ్ఓ అనే కంపెనీలు అంతకంటే చవక పద్ధతిలో మొదలుపెట్టాయి. మొదట్లో పెట్టిన ప్రొజెక్టర్లు చాలాచోట్ల చిన్నవి, రాత్రి సీన్లలో హీరో ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వచ్చేది. పాతవాళ్లు డిజిటల్‌ను తిట్టుకున్నారంటే కారణం అదే. తర్వాత మెల్లగా అసలైన 2కే మెషిన్లు వచ్చాయి. ఈ డిజిటల్ కంపెనీలకు కట్టే ఫీజు ఎవరు భరించాలన్న గొడవ 2018 మార్చిలో కొత్త సినిమాల విడుదల ఆపేదాకా వెళ్లింది.

ఆ మెషిన్ల లోపల ఉండేది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్. గోరంత చోటులో లక్షల అద్దాలు, 2కేకి 22 లక్షలు, 4కేకి 88 లక్షలు. ఒక్కో అద్దం సెకనుకు వేలసార్లు అటూ ఇటూ వంగుతూ వెలుతురును లెన్సులోకి పంపడమో పక్కకు తోసేయడమో చేస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలానికి ఒక్కో చిప్. బార్కో, క్రిస్టీ, ఎన్ఈసీ ఈ చిప్‌తోనే చేశాయి. సోనీ వేరే చిప్‌తో 4కే మెషిన్లు చేసి, 2020లో ఆ వ్యాపారం మానేసింది.

రీళ్ల పెట్టె బదులు హార్డ్ డిస్క్ వస్తుంది, లేదంటే శాటిలైట్ ద్వారా దిగుతుంది. సర్వర్‌లోకి ఎక్కించినా తాళంచెవి రాకపోతే బొమ్మ పడదు. దాన్నే కేడీఎం అంటారు. ఫలానా హాలు, ఫలానా సర్వర్, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకూ అని రాసి ఉంటుంది. బెనిఫిట్ షో ముందు గేటు దగ్గర "కేడీఎం రాలేదంట" అని అభిమానులే మనకు చెప్పే కాలం ఇది. అప్పుల లెక్క తేలకపోతే పూర్వం ల్యాబ్‌లో ప్రింటు ఆగేది, ఇప్పుడు ఈమెయిల్ ఆగుతుంది. తెల్లవారుజామున బయట డప్పులు, లోపల మెయిల్ రిఫ్రెష్ కొడుతూ కూర్చునే మా టెన్షన్.

ఇక అసలు సంగతి, జీనాన్‌కూ లేజర్‌కూ తేడా. జీనాన్ లాంపు అంటే క్వార్ట్జ్ గాజు బుడ్డిలో బాగా ఒత్తిడి పెట్టి నింపిన వాయువు. చల్లగా ఉన్నా పేలగలదు. మార్చేటప్పుడు ముఖానికి కవచం, మందపాటి జాకెట్, గ్లవ్స్ తప్పవు. గాజును వేలితో తాకకూడదు, చర్మం జిడ్డు అంటిన చోట వేడికి మచ్చపడి బలహీనమవుతుంది. పెద్ద తెరలకు వాడే ఆరు కిలోవాట్ల లాంపుకు కంపెనీ ఇచ్చే గ్యారంటీ ఐదారు వందల గంటలు. రోజుకు నాలుగు ఆటలంటే దాదాపు పన్నెండు గంటలు, అంటే యాభై రోజులకో లాంపు! ఖరీదైన సరుకు. దాంతో కొందరు ఓనర్లు రెండు పనులు చేస్తారు: గంటలు దాటినా మార్చరు, కరెంటు తగ్గించి నడుపుతారు. లాంపు ఆరిపోదు, మసకబారుతుంది. ప్రేక్షకుడు డైరెక్టర్‌నో కెమెరామన్‌నో తిట్టుకుంటాడు. సర్వీసుకు వెళ్లి మీటరు పెడితే 14 ఉండాల్సిన చోట 8, 9 చూపించిన హాళ్లున్నాయి. పేర్లు చెప్పను.

లేజర్‌తో ఈ తంటా చాలావరకు పోతుంది. ఇరవై ముప్పై వేల గంటల దాకా మార్చే పనిలేదు, రోజుకు పన్నెండు గంటల లెక్కన నాలుగున్నర ఏళ్ల పైమాటే. వెలుతురు తగ్గినా చాలా మెల్లగా తగ్గుతుంది. అందుకే నా సలహా 4కే కంటే లేజర్ వైపే. మధ్య వరసల్లో కూర్చుంటే 2కే, 4కే తేడా పట్టుకోవడం కష్టం. పైగా మన సినిమాలు చాలావాటికి డీఐ, అంటే కంప్యూటర్‌లో రంగులు సరిదిద్దే పని, చేసిందే 2కేలో.

లేజర్‌లోనూ రెండు రకాలు. ఒకదాంట్లో నీలి లేజర్ ఫాస్ఫర్ చక్రం మీద పడి మిగతా రంగులు పుట్టిస్తుంది, ఇది చవక. రెండోది ఆర్‌జీబీ, మూడు రంగులకూ విడి లేజర్లు. కుంకుమ రంగు, చిలకపచ్చ ఇందులో నిండుగా వస్తాయి. దీనికో చిన్న జబ్బుంది. తెల్లటి చోట్ల ఇసుక రేణువుల్లా మెరుపు కనబడుతుంది. అది తగ్గడానికి కొన్నిచోట్ల తెర వెనక చిన్న వైబ్రేటర్లు బిగించి తెరనే సన్నగా వణికిస్తారు.

ప్రొజెక్టరే లేని పద్ధతీ వచ్చింది. బెంగళూరు ఎంజీ రోడ్డులోని శంకర్‌నాగ్ థియేటర్‌లో శాంసంగ్ ఎల్ఈడీ తెర పెట్టారు, అక్కడ చూశాను. ఆ నలుపు ఏ ప్రొజెక్టరూ ఇవ్వలేదు. అయితే మామూలు తెరకు సన్నటి రంధ్రాలుంటాయి, స్పీకర్లు దాని వెనకే ఉంటాయి, మాట నటుడి నోట్లోంచే వచ్చినట్టుంటుంది. ఎల్ఈడీ గోడ వెనక స్పీకర్లు పెట్టడం కుదరదు, చుట్టూ సర్దాలి. బొమ్మకు నూటికి నూరు వేస్తాను కానీ శబ్దానికి వేయలేను.

చెన్నైలో టికెట్ ధరకు ప్రభుత్వ పరిమితి ఉంది కాబట్టి మంచి హాలుకూ మామూలు హాలుకూ మీ జేబులో పెద్ద తేడా రాదు, ఎంచుకునే చూడండి. మొదటిసారి వెళ్లిన హాల్లో తెల్లటి టైటిల్ కార్డు పడినప్పుడు మధ్యలోని తెలుపునూ నాలుగు మూలల తెలుపునూ పోల్చండి. మూలలు బాగా మసకగా ఉంటే దీపం సర్దలేదనో, బూత్ కిటికీ అద్దం తుడవలేదనో అర్థం. 3డీ కోసం వెండి పూత తెర వేసిన హాల్లో 2డీ సినిమాకు పక్క సీట్లు తీసుకోవద్దు, వెలుతురంతా మధ్యలో కూర్చున్నవాళ్లకే పోతుంది. 3డీ అయితే ప్రొజెక్టర్ ముందు పెట్టే ఫిల్టరూ కళ్లద్దాలూ కలిసి సగానికి పైగా వెలుతురు తినేస్తాయి, పాత జీనాన్ హాల్లో దానికి డబ్బులు దండగ.

పెద్ద తెర సరదా ఉంటే సూళ్లూరుపేట వెళ్లి రండి. 2019లో తెరిచిన వీ ఎపిక్ థియేటర్‌లో తెర వంద అడుగుల వెడల్పు, ఆర్‌జీబీ లేజర్, శబ్దానికి డాల్బీ అట్మాస్. ఎపిక్ అనే ఈ పెద్ద తెర పద్ధతి మన చెన్నై క్యూబ్ వాళ్లదే. కారులో రెండు గంటల లోపే, పైగా తెలుగు సినిమా మొదటి ఆటకు ఆంధ్రా జనం మధ్య కూర్చుంటారు. మరీ ముందు వరసలు మాత్రం బుక్ చేయకండి, మెడ పట్టేస్తుంది.