మ్యూల్‌సాఫ్ట్ కోర్సా, ఉచితంగా దొరికే క్యామెలా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. జావా బాగానే వచ్చు. అమీర్‌పేటలో మ్యూల్‌సాఫ్ట్ కోర్సులో చేరతానంటోంది. మా మరిదేమో, "అపాచీ క్యామెల్ అని, కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే నేర్చుకోవచ్చు" అంటున్నాడు. ఉచితంగా దొరికేదాన్ని నేర్చుకుంటే ఉద్యోగం ఎవరిస్తారని నా టెన్షన్. ఏం చేయమంటారు?
ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు మీ మరిది చెప్పిన దారే పట్టమనండి. కోర్సు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఏ కంపెనీ చూసినా ఆర్డర్లకు ఒక సాఫ్ట్‌వేర్, గోడౌన్‌కు ఒకటి, లెక్కలకు ఇంకొకటి ఉంటాయి. ఒక్కోటీ ఒక్కో ఏడాది ఒక్కోచోట కొన్నది. ఒకటి పంపిన సమాచారం రెండోదానికి నేరుగా అర్థం కాదు. మధ్యలో ఉండి దాన్ని అందుకుని, రూపం మార్చి, చేరాల్సిన చోటికి చేర్చేదే మిడిల్‌వేర్. మ్యూల్‌సాఫ్ట్ కంపెనీ తెచ్చిన మ్యూల్, మీ మరిది చెప్పిన క్యామెల్, రెండూ ఈ పనికి వాడేవే. బ్యాంకులు, బీమా సంస్థలు, విమాన సంస్థలు ఇది లేకుండా ఒక్కరోజు కూడా నడవలేవు.

ఉచితమంటే విలువ లేనిదని భయపడకండి. 2007లో మొదలైన క్యామెల్‌కు రెడ్ హ్యాట్ లాంటి పెద్ద కంపెనీ డబ్బు తీసుకుని సపోర్ట్ ఇస్తోంది. లింక్డిన్‌లో పుట్టిన, సాఫ్ట్‌వేర్‌ల మధ్య మెసేజ్‌లు చేరవేసే కాఫ్కాను 2011లో ఓపెన్ సోర్స్ చేశారు, ఇవాళ దాని పేరు లేని పెద్ద సిస్టమ్ అరుదు. అంతెందుకు, మ్యూల్ కూడా ఓపెన్ సోర్స్‌గానే మొదలైంది. మ్యూల్‌సాఫ్ట్ కంపెనీని 2018లో సేల్స్‌ఫోర్స్ సుమారు 650 కోట్ల డాలర్లకు కొన్నది. సాఫ్ట్‌వేర్ ఊరికే దొరికినా, దాన్ని నిలబెట్టి నడిపే మనిషికి జీతం ఇవ్వక తప్పదు.

ఇక అసలు పని ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ చెబుతాను, ఇది అమ్మాయికి చదివి వినిపించండి. 2023 ఆగస్టు నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటిన వ్యాపారాలు ఇతర వ్యాపారాలకు ఇచ్చే బిల్లులకు జీఎస్టీ ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి. అమ్మినవారి జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, బిల్లు నంబరు కలిపి 64 అక్షరాల ఐఆర్‌ఎన్, అంటే ఆ బిల్లు గుర్తింపు నంబరు, తయారవుతుంది. ఒక ఆర్డర్ వచ్చింది, మన ప్రోగ్రామ్ బిల్లును ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌కు పంపింది, ఈలోగా నెట్ పోయి జవాబు రాలేదు. బిల్లు చేరినట్టా, చేరనట్టా? ప్రోగ్రామ్ మళ్లీ పంపుతుంది. అదే బిల్లు నంబరుతో పంపితే పోర్టల్ డూప్లికేట్ అని తిప్పి పంపుతుంది, బతికిపోయాం. కానీ పంపిన ప్రతిసారీ కొత్త బిల్లు నంబరు పుట్టేలా రాసి ఉంటే, ఒకే సరుకుకు రెండు ఐఆర్‌ఎన్‌లు వచ్చేస్తాయి. ఇక అకౌంటెంట్‌కు ఆ నెలంతా నిద్ర ఉండదు.

ఆర్డర్ రాగానే బిల్లు నంబరు ఒక్కసారే ఖాయం చేయాలి. ఒకసారి పూర్తయిన ఆర్డర్ మళ్లీ వస్తే గుర్తుపట్టి వదిలేయాలి. క్యామెల్‌లో దీనికి ఐడెంపొటెంట్ కన్స్యూమర్ ఉంది. ఎన్నిసార్లు పంపినా వెళ్లని మెసేజ్‌ను పారేయకుండా, మనిషి చూసేలా పక్కన పెట్టాలి. దానికి డెడ్ లెటర్ ఛానెల్ ఉంది. ఇలాంటి పద్ధతులు 65 ఉన్నాయి. వాటిని గ్రెగర్ హోప్, బాబీ వూల్ఫ్ అనే ఇద్దరు సాఫ్ట్‌వేర్ నిపుణులు 2003లో ఒకచోట చేర్చి పేర్లు పెట్టారు. క్యామెల్‌ను ఆ పద్ధతుల మీదే కట్టారు. కాబట్టి క్యామెల్ నేర్చుకున్న అమ్మాయికి మ్యూల్ అయినా, శ్రీలంకలో పుట్టిన ఇలాంటి ఇంకో టూల్ డబ్ల్యూఎస్ఓ2 అయినా కొత్తగా అనిపించవు. మ్యూల్ స్క్రీన్‌లో డబ్బాలు లాగి కలపడం మాత్రమే నేర్చుకుంటే ఇంకో టూల్ ఎదురైనప్పుడు మళ్లీ మొదటికొస్తుంది. నేను ఈ దారి చెప్పడానికి అసలు కారణం అదే.

ఏం చేయాలంటారా? జావా 17 వేసుకుంటే క్యామెల్ 4 నడుస్తుంది. రెండు చిన్న ప్రోగ్రామ్‌లు రాసి, వాటిని క్యామెల్‌తో కలిపి, పైన చెప్పిన బిల్లు సమస్యను కావాలనే సృష్టించి సరిచేయమనండి. మధ్యలో ఒక ప్రోగ్రామ్‌ను ఆపేసి ఏమవుతుందో చూడాలి. అదంతా, కోడ్‌ను నలుగురికీ కనిపించేలా పెట్టే సైటు గిట్‌హబ్‌లో పెట్టాలి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా దీని గురించి ఎక్కువ మాట్లాడగలుగుతుంది. క్యామెల్ డాక్యుమెంటేషన్‌లో తప్పు కనిపిస్తే సరిదిద్ది పంపవచ్చు. వాళ్లు ఒప్పుకుంటే తన పేరుతో ఆ మార్పు అందరికీ కనిపిస్తుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. క్యామెల్ పేరుతో ఫ్రెషర్ ఉద్యోగాలు పెద్దగా కనిపించవు. జావా, స్ప్రింగ్ బూట్ (జావా ప్రోగ్రామ్‌లు కట్టే సాధనం), ఇంటిగ్రేషన్ (సాఫ్ట్‌వేర్‌లను కలిపే పని) అని వెతకాలి. మొదటి ఉద్యోగం సపోర్ట్‌లో, నైట్ షిఫ్ట్‌తో రావచ్చు. ఇంట్లో మీరు దానికి సిద్ధంగా ఉంటే అమ్మాయికి సగం భారం తగ్గుతుంది. ఎక్కడెక్కడ ఏం తెగిపోతుందో ఆ సపోర్ట్ సీట్లో కూర్చున్నవాళ్లకే బాగా తెలుస్తుంది.

ఇదంతా అయ్యాక కూడా మ్యూల్‌సాఫ్ట్ నేర్చుకోవాలనుకుంటే చేరనివ్వండి, దానికి మంచి ఉద్యోగాలే ఉన్నాయి. డెమో క్లాసుకు వెళ్లినప్పుడు మాత్రం, మధ్యలో ఫెయిలైన మెసేజ్‌ల సంగతి ఎన్ని క్లాసుల్లో చెబుతారో అడగమనండి. సరైన జవాబు రాకపోతే అక్కడ ఫీజు కట్టకండి.